మిల్లు గంట, బడి గంట, ఆట గంట

ఆవిరి యుగపు బ్రిటన్ – 9వ భాగం

గత సంచికలో లాంకషైర్ నూలు మిల్లుల్లో తెగిన పోగులు అతుకుతూ, తిరిగే యంత్రాల కింద దూరి దూది ఊడుస్తూ బతికిన పిల్లల్ని చూశాం. వాళ్ళు బడికి ఎలా చేరారు? ఆడుకోవడానికి వాళ్ళకు పొద్దు ఎక్కడ దొరికింది? రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపిస్తాయి గాని జవాబు ఒకటే. బడి గంటనీ ఆట గంటనీ ఆ పిల్లలకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. రెండింటినీ మిల్లు గంట గుప్పిట్లోంచి కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి పెనుగులాడి గుంజుకోవలసి వచ్చింది.

ఎగ్మూరు ఇసుక

ఈ కథకు ఒక మొదలు మద్రాసులో ఉంది. 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయం బాధ్యత తీసుకున్నాడు. ఒక ఉదయం గుర్రం మీద వెళుతూ దారిలో ఒక వీధి బడిని చూశాడు. పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. తప్పు రాస్తే చేత్తో చెరిపేస్తే సరి. తన శరణాలయంలోనూ అలాగే నేర్పమంటే అక్కడి పంతులు కుదరదన్నాడు. అప్పుడు బెల్ జాన్ ఫ్రిస్కెన్ అనే 8 ఏళ్ళ కుర్రాడికి అక్షరాల తరగతి అప్పగించాడు. పంతులు కాదన్న పని ఆ పసివాడు చేసి చూపించాడు. వచ్చిన పిల్లవాడు రాని పిల్లవాడికి చెప్పడం అన్న పద్ధతిని బెల్ బడి అంతటా అమలు చేశాడు. ఇంగ్లండు తిరిగి వెళ్ళి 1797లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. అక్కడ దానికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు స్థిరపడింది.

మన పల్లెల్లో గుంట ఓనమాలు దిద్దిన తాతముత్తాతలకు ఇందులో కొత్త ఏమీ లేదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడుల లెక్క తీయమన్నాడు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ తన నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంబెల్ ఈయనే. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. జిల్లా మొత్తంలో 533 బడులు, వాటిలో చాలా భాగం తెలుగు, కన్నడ బడులు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండో వాడికి సున్న. మూడో వాడి నుంచి వరసగా ఒకటి, రెండు, మూడు దెబ్బలు. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడమూ, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పడమూ మెచ్చదగినవనీ, ఇంగ్లండు వాటిని అనుకరించడం సబబేననీ కాంబెల్ తన పై అధికారులకు రాశాడు.

ఆ అనుకరణ లండన్‌లో పెద్ద ఎత్తున సాగింది. 1798లో జోసెఫ్ లాంకస్టర్ అనే క్వేకరు యువకుడు సదక్ ప్రాంతంలో పేదపిల్లలకు బడి తెరిచాడు. కొద్ది ఏళ్ళలో అది బరో రోడ్డులో ఒకే పెద్ద హాలుగా పెరిగింది. వందలాది పిల్లలు, ఒక్క పంతులు. మధ్యలో మానిటర్లు. మన బడుల్లో ఇప్పటికీ వినిపించే ‘క్లాసు మానిటరు’ అన్న మాటే ఇది. చిన్నపిల్లలు ఇసుక పళ్ళాల మీద, కాస్త పెద్దవాళ్ళు రాతి పలకల మీద రాసేవారు. గోడకు తగిలించిన పాఠం చుట్టూ గుంపులుగా నిలబడి చదివేవారు. 1811లో ఇంగ్లండు చర్చివారు బెల్ పద్ధతిలో బడులు పెట్టడానికి నేషనల్ సొసైటీ స్థాపించారు. లాంకస్టర్ వైపు వారిది బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ. ఈ రెండు సంస్థల పోటీలోనే దేశమంతటా వేల బడులు లేచాయి.

బెత్తం వద్దన్న లాంకస్టర్ దానికి బదులు మెడకు కర్రదుంగ కట్టించాడు, అల్లరి పిల్లవాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి కప్పుకు వేలాడదీయించాడు. బళ్ళారి బడుల్లో సోమరి పిల్లల్ని రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారని కాంబెల్ రాశాడు. మనవాళ్ళు దాన్ని కోదండం అన్నారు. అక్షరం ఎంత తేలిగ్గా సముద్రం దాటిందో, పిల్లవాణ్ణి భయపెట్టి దారికి తేవచ్చన్న నమ్మకం రెండు తీరాల్లోనూ అంత గట్టిగా పాతుకుని ఉంది.

సగం పూట పిల్లలు

బడులు లేచాయి సరే, వచ్చే పిల్లలేరీ? తెల్లవారుజామునే మిల్లుకు పోయి చీకటి పడ్డాక ఇంటికి చేరే పిల్లవాడికి బడి ఆదివారం మాత్రమే. 1780లో గ్లాస్టర్ పత్రికాధిపతి రాబర్ట్ రేక్స్ మొదలుపెట్టిన ఆదివారపు బడులు అందుకే అంతగా వ్యాపించాయి. ఉన్న ఒక్క సెలవు దినం కూడా బైబిలు పాఠానికే పోయేది.

1833లో పార్లమెంటు రెండు పనులు చేసింది. బడి భవనాల కోసం మొట్టమొదటిసారి 20,000 పౌండ్లు మంజూరు చేసింది. బట్టల మిల్లుల్లో 9 ఏళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోరాదనీ, 9 నుంచి 13 ఏళ్ళ వాళ్ళు వారానికి 48 గంటలకు మించి పని చేయరాదనీ, వాళ్ళకు రోజుకు రెండు గంటలు చదువు చెప్పించాలనీ చట్టం చేసింది. అమలు చూడటానికి దేశం మొత్తానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లు. వాళ్ళలో ఒకడైన లెనార్డ్ హార్నర్‌కు ఎదురైన సంగతి గుండెను పిండేస్తుంది. పిల్లలు బడికి వచ్చారని పంతుళ్ళు ఇచ్చిన ధ్రువపత్రాల మీద సంతకానికి బదులు ఇంటూ గుర్తు ఉండేది. చదువు చెప్పవలసిన మనిషికే రాయడం రాదు.

1844 చట్టం దీన్ని కొంత సరిదిద్దింది. 8 నుంచి 13 ఏళ్ళ పిల్లలకు రోజుకు ఆరున్నర గంటల పని, మూడు గంటల బడి. వీళ్ళకే ‘హాఫ్‌టైమర్లు’, అంటే సగం పూట పిల్లలు, అని పేరు వచ్చింది. కొందరు పొద్దున మిల్లుకు, మధ్యాహ్నం బడికి. కొందరు పొద్దున బడికి, మధ్యాహ్నం మిల్లుకు. ఆరింటికే యంత్రం ముందు నిలబడి వచ్చిన పిల్లవాడు మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవాడు. లేపాలంటే పంతుళ్ళకే మనసొప్పేది కాదు. అయినా ఈ సగం పూట కూలి వదులుకోవడానికి తల్లిదండ్రులే ఒప్పుకోలేదు. ఆ నాలుగు డబ్బులు లేకపోతే ఇంటి అద్దె కట్టే దారి లేదు. వాళ్ళను నిందించడం సులువు. వాళ్ళ ఇంట్లో ఒక్క పూట ఉండి చూస్తే ఆ నింద నోట రాదు.

మిల్లు లేని ఊళ్ళలో మరో రకం పేదరికం. పోర్ట్‌స్మత్‌లో జాన్ పౌండ్స్ అనే కాలు విరిగిన చెప్పులు కుట్టే మనిషి తన చిన్న దుకాణంలోనే వీధి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, చెప్పులు కుడుతూనే చదువు చెప్పాడు. 1839లో ఆయన కన్నుమూశాడు. చిరుగుల బట్టలతో మరే బడిలోనూ అడుగు పెట్టలేని పిల్లల కోసం ఇలాంటి బడులు ఊరూరా లేచాయి. 1844లో అవన్నీ కలిసి ‘రాగెడ్ స్కూల్ యూనియన్’ అయ్యాయి. బాలకార్మిక చట్టాల కోసం పార్లమెంటులో పోరాడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువే దానికి అండ.

ప్రతి పిల్లవాడికీ ఒక ధర

1862లో వచ్చిన నిబంధనలు బడి గదిలో గాలినే మార్చేశాయి. రాబర్ట్ లో అనే మంత్రి పెట్టిన పద్ధతికి ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’ అని పేరు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు. పిల్లవాడి హాజరుకు 4 షిల్లింగులు, పరీక్షకు 8 షిల్లింగులు బడికి వస్తాయి. చదవడం, రాయడం, లెక్కలు అని మూడు పరీక్షలు. ఒక్కోదానిలో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ రోజు పిల్లవాడి నోరు పెగలకపోతే పంతులు జీతానికే గండి.

ఇక చదువు అంటే బట్టీ అయిపోయింది. కవి మాథ్యూ ఆర్నల్డ్ 1851 నుంచి బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఈ పద్ధతి చదువును యంత్రంలా మార్చేస్తోందని ఏటా తన నివేదికల్లో నెత్తీనోరూ బాదుకున్నాడు. 1890లలో గాని ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. ర్యాంకుల పోస్టర్ల నడుమ పిల్లల్ని పెంచుతున్న మనం ఈ ముప్పై ఏళ్ళ అనుభవాన్ని కళ్ళు తెరిచి చదవాలి.

వేల్స్ దేశంలో పిల్లలకు ఇంకో బాధ. ఇంట్లో మాట్లాడే వెల్ష్ భాష బడిలో నోట వస్తే మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. ‘వెల్ష్ నాట్’ అని దాని పేరు. మరో పిల్లవాడు వెల్ష్ మాట్లాడుతూ దొరికితే అది అతని మెడకు మారుతుంది. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. పిల్లల్ని పిల్లల మీదే గూఢచారులుగా నిలబెట్టే పద్ధతి అది. 1847లో బడుల మీద వచ్చిన ప్రభుత్వ నివేదిక వెల్ష్ భాషనే వెనకబాటుకు కారణంగా చూపింది. ఆ గాయాన్ని వెల్ష్ ప్రజలు నేటికీ ‘నీలి పుస్తకాల ద్రోహం’ అని తలుచుకుంటారు.

బడి పుస్తకం చెప్పే నిజాలు

1870లో డబ్ల్యు.ఇ. ఫోర్‌స్టర్ తెచ్చిన చట్టంతో కథ మలుపు తిరిగింది. బడి లేని చోట ప్రజలు ఎన్నుకున్న స్కూలు బోర్డులు పన్ను వేసి బడి కట్టవచ్చు. ఆ బోర్డులకు స్త్రీలూ ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు. 1880 చట్టం 5 నుంచి 10 ఏళ్ళ పిల్లలకు హాజరు తప్పనిసరి చేసింది.

అయినా బల్లలు నిండలేదు. ఎందుకో ఆ రోజుల హెడ్మాస్టర్లు విధిగా రాసిన బడి దినచర్య పుస్తకాలు చెబుతాయి. బంగాళాదుంపలు తవ్వే కాలం, కోతల కాలం, మంచు పడిన రోజులు, ఊళ్ళోకి సర్కసు వచ్చిన రోజు, అన్ని పేజీల్లోనూ గైర్హాజరే. కాళ్ళకు బూట్లు లేవని రాని పిల్లలు చాలామంది. సెప్టెంబరులో తూర్పు లండన్ పేదకుటుంబాలు బీరులో వేసే హాప్ కాయలు కోయడానికి పిల్లాపాపలతో కెంట్ పొలాలకు తరలిపోయేవి. వాళ్ళకు అదే కూలి, అదే ఏడాదికోసారి దొరికే పచ్చగాలి.

సోమవారాలు ఆడపిల్లలు రారు. ఆ రోజు బట్టలు ఉతికే రోజు. తల్లికి చెయ్యి సాయం కావాలి, లేదా చంటిపిల్లను ఎత్తుకోవాలి. వచ్చిన రోజుల్లోనూ మగపిల్లలు లెక్కలు చేస్తుంటే ఆడపిల్లలు కుట్టుపని చేయాలి. అది నిబంధన. కొంచెం కలిగినవారి ఆడపిల్లలకు మాత్రం 1850లో ఫ్రాన్సెస్ మేరీ బస్ లండన్‌లో నార్త్ లండన్ కొలీజియెట్ స్కూలు తెరిచింది. 1858 నుంచి డొరొతియా బీల్ చెల్ట్‌నమ్ బాలికల కళాశాలను నడిపింది. గణితం, విజ్ఞానశాస్త్రం ఆడపిల్లల బుర్రకు పట్టవన్న మాటను ఈ ఇద్దరూ తమ విద్యార్థినుల చేతనే అబద్ధం చేయించారు.

ఇంకో అడ్డంకి బడి రుసుము. పిల్లవాడు సోమవారం పొద్దున పెన్నీలు చేత పట్టుకుని రావాలి. 1870 చట్టం వారానికి 9 పెన్నీలు మించరాదంది గాని, నలుగురు పిల్లలున్న కూలికి ఒక్కొక్కరికి రెండు పెన్నీలైనా బరువే. 1891లో ప్రభుత్వం పిల్లవాడికి ఏడాదికి 10 షిల్లింగుల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టాకే చాలా బడుల్లో రుసుము పోయింది. తప్పనిసరి చేసిన పదకొండేళ్ళకు ఉచితం చేశారు. ముందు ఉచితం చేసి ఉంటే ఎందరు పిల్లలు బెంచీ మీదికి వచ్చి ఉండేవారో!

వీధి ఆటలు, జరిమానాలు

ఇక బడి వదిలాక. బ్రిటన్ పిల్లల వీధి ఆటల జాబితా చూస్తే మన వీధిలో నిలబడినట్టే ఉంటుంది. గోలీలు, బొంగరాలు, తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు, కళ్ళగంతలు. రెండు వైపులా చెక్కిన చిన్న కర్రముక్కను పెద్ద కర్రతో ఎగరగొట్టే ‘టిప్‌క్యాట్’ మన కోస్తాలో బిళ్ళంగోడు, తెలంగాణలో చిర్రగోనె. మన పిల్లలు పాత సైకిలు టైరును కర్రతో కొడుతూ పరిగెత్తినట్టే వాళ్ళు ఇనుప చక్రాన్నో, పీపా కట్టునో దొర్లించేవారు. శరదృతువులో రాలిన చెస్ట్‌నట్ గింజకు దారం గుచ్చి ఎదుటివాడి గింజను పగలగొట్టే ఆట మాత్రం వాళ్ళ సొంతం. 1890లలో ఆలిస్ గోమ్ అనే జానపద పరిశోధకురాలు ఈ ఆటల్ని, వాటి పాటలతో సహా, రెండు సంపుటాలుగా సేకరించి పెట్టింది. లేకపోతే వాటిలో ఎన్నో ఆనవాలు లేకుండా పోయేవి.

ఆడుకోవడానికి చోటు ఏదీ? ఉమ్మడి పచ్చికబయళ్ళకు కంచెలు పడ్డాయి, పట్టణాల్లో ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని లేచాయి. మిగిలింది వీధి ఒక్కటే. 1839 లండన్ పోలీసు చట్టం ప్రకారం దారినపోయేవారికి ఇబ్బంది కలిగేలా వీధిలో గాలిపటం ఎగరేసినా, ఏ ఆట ఆడినా 40 షిల్లింగుల దాకా జరిమానా. కూలివాడి కుటుంబానికి అది వారాల సంపాదన. పేదపిల్లవాడి ఆట నేరమైన కాలం అది.

ఆ తప్పును మెల్లగా గుర్తించారు. 1840లో డర్బీ పట్టణంలో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని తన భూమిని తోటగా మార్చి ప్రజలకు ఇచ్చాడు. 1847లో బర్కెన్‌హెడ్‌లో ప్రజల డబ్బుతో కట్టిన పార్కు తెరుచుకుంది. గోడ లేని, టికెట్టు లేని పచ్చదనం కూడా బడిలాగే ప్రజల హక్కు అన్న ఆలోచన అక్కడ నాటుకుంది.

పెద్దింటి పిల్లల మైదానం

కలవారి పిల్లలకు చోటు కొరత ఎన్నడూ లేదు. ఈటన్, హారో, రగ్బీ, వించెస్టర్ వంటి బడుల పేరు ‘పబ్లిక్ స్కూళ్ళు’ గాని అవి చేరేది డబ్బున్నవారికే. అలాగని అక్కడి చిన్నపిల్లల బతుకు పూలపాన్పు కాదు. పెద్ద విద్యార్థి బూట్లు తుడవడం, టీ కాచడం, రొట్టె కాల్చడం చిన్నవాడి విధి. కొట్టినా నోరెత్తరాదు. 1828 నుంచి 1842 దాకా రగ్బీ హెడ్మాస్టరుగా ఉన్న థామస్ ఆర్నల్డ్, ఇందాక చెప్పిన మాథ్యూ తండ్రి, పెద్ద విద్యార్థుల మీదే క్రమశిక్షణ భారం పెట్టి ఆ అరాచకాన్ని కొంత అదుపు చేశాడు.

ఆటల్ని బడిలో భాగం చేసినవారిలో ముఖ్యుడు ఆయన దగ్గర పనిచేసిన జి.ఇ.ఎల్. కాటన్. 1851లో మార్ల్‌బరో బడిలో విద్యార్థులు తిరగబడ్డారు. మరుసటి ఏడు హెడ్మాస్టరుగా వచ్చిన కాటన్ వాళ్ళను మధ్యాహ్నాలు మైదానంలో క్రికెట్టు, ఫుట్‌బాల్ ఆటల్లోకి మళ్ళించాడు. తర్వాత ఆయన కలకత్తా బిషప్పయ్యాడు. బెంగళూరులోని బిషప్ కాటన్ స్కూలు పేరు ఆయనదే. మన దేశపు బడుల్లో ‘గేమ్స్ పీరియడ్’కు ఒక వేరు మార్ల్‌బరోలో ఉంది.

ఒక్కో బడికీ ఫుట్‌బాల్ తీరు వేరు. రగ్బీ విద్యార్థులు 1845లో తమ నియమాలు తామే రాసుకున్నారు. బడులు వదిలి లండన్ చేరిన యువకులు కలిసి ఆడబోతే ఎవరి నియమం వారిదే. 1863లో ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పరచారు. బంతి చేత పట్టుకుని పరిగెత్తే వాళ్ళు విడిపోయి 1871లో రగ్బీ యూనియన్ పెట్టుకున్నారు.

శనివారం మధ్యాహ్నం

పెద్దింటి మైదానంలో నియమాలు రాసుకున్న ఆట కూలిపేటకు ఎలా చేరింది? ఒక చట్టం దారి తెరిచింది. 1850 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో స్త్రీలకూ యువకూలీలకూ శనివారం రెండింటికి పని ఆపాలి. వాళ్ళు లేకుండా మగ్గం నడవదు గనక మగవాళ్ళకూ సెలవు దొరికింది. ఇంటికి వెళ్ళి, ఇంత తిని మైదానానికి చేరితే మూడింటికి ఆట మొదలుపెట్టవచ్చు. ఇంగ్లండులో శనివారం మూడింటికి ఫుట్‌బాల్ అన్న ఆనవాయితీ వెనక ఈ మిల్లు సైరన్ ఉంది.

1883 మార్చి 31న లండన్ ఓవల్ మైదానంలో ఎఫ్.ఎ. కప్ ఫైనల్. ఒకవైపు ఈటన్ బడి పాత విద్యార్థుల జట్టు, కిందటేడు కప్పు గెలిచినవాళ్ళు. రెండో వైపు లాంకషైర్ నుంచి వచ్చిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్. అందులో నేతపనివాళ్ళున్నారు, నూలు వడికేవాడున్నాడు, ప్లంబరున్నాడు. అదనపు సమయంలో బ్లాక్‌బర్న్ 2–1తో గెలిచింది. ఆ తర్వాత పబ్లిక్ స్కూళ్ళ పాత విద్యార్థుల జట్టు ఏదీ ఆ కప్పును అందుకోలేదు. చోటూ, తీరికా ఇస్తే మిల్లుపేట పిల్లలు ఏం చేయగలరో ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది.

తీరిక మిగతా రూపాలూ ఇలాగే వచ్చాయి. 1841 జూలై 5న థామస్ కుక్ లెస్టర్ నుంచి లఫ్‌బరోకు దాదాపు 500 మందిని ఒక షిల్లింగు టికెట్టుతో రైల్లో తీసుకెళ్ళాడు. 1850 చట్టంతో ఊళ్ళు పన్ను డబ్బుతో గ్రంథాలయాలు పెట్టుకునే వీలు కలిగింది. 1871లో జాన్ లబక్ తెచ్చిన బ్యాంకు సెలవుల చట్టం మామూలు ఉద్యోగికి పండగ దినాలు ఇచ్చింది. 1879లో వచ్చిన ‘బాయ్స్ ఓన్ పేపర్’ ఒక్క పెన్నీకే వారంవారం సాహసగాథల్ని ఇంటికి తెచ్చింది. బడిలో కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరం అక్కడ ఆనందమైంది.

మన లెక్క

శతాబ్దమంతా చూస్తే ఒక్క సంగతి స్పష్టం. పిల్లవాడు బడికి రావాలంటే చట్టం ఒక్కటే చాలలేదు. రుసుము పోవాలి, కాళ్ళకు బూట్లుండాలి, తల్లిదండ్రుల కూలి ఇల్లు గడిచేంత ఉండాలి, కడుపు నిండాలి. పేదపిల్లలకు బడిలో భోజనం పెట్టే అధికారం 1906లో గాని బ్రిటన్ స్థానిక సంస్థలకు రాలేదు. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కూడిన చోటే బల్లలు నిండాయి. చదువునీ ఆటనీ విడదీసి చూడటం కూడా తప్పే. పిల్లవాణ్ణి కూలి నుంచి విడిపించిన గంటే సగం బడైంది, సగం ఆటైంది. ఆట గంటను కోసి చదువుకు కలిపితే పిల్లవాడికి మేలు చేస్తున్నామనుకునే తల్లిదండ్రులు, బడి నడిపేవారు ఒక్కసారి ఆలోచించాలి. ఆ గంట కోసం ఇంకో దేశపు పిల్లలు మూడు తరాలు ఎదురుచూశారు.

సగం పూట చదువు, సగం పూట మిల్లు అన్న పద్ధతిని బ్రిటన్ 1918 చట్టంతో రద్దు చేసింది. 1844 నుంచి లెక్కేస్తే 74 ఏళ్ళు.

(వచ్చే సంచికలో: సముద్రతీరానికి చేరిన రైళ్ళు)